మనిషి దిగేదాకా

నిదానం అన్న కారును కంకర టిప్పరు గుద్దినప్పుడు ఆ వెనకే నా కారు ఉంది. ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్ళారా చూసింది రాస్తున్నాను. సందు మలుపు దగ్గర అన్న ఇండికేటర్ వేశాడు. అటూ ఇటూ చూసుకుని మెల్లగా తిప్పాడు. అంత మెల్లగా తిప్పుతాడు కాబట్టే స్టాండులో మేమంతా ఆయనకు నిదానం అని పేరు పెట్టుకున్నాం. నాకు హారన్ అని పెట్టారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. టిప్పరు ఎదురు దారిలో దూసుకొచ్చింది, గుద్దింది, ఆగకుండా పోయింది. దాని నంబరు పలక నిండా బురద. నేను దిక్కుతోచక హారన్ మోగిస్తూ ఉండిపోయాను. ఎవరి కోసం మోగించానో నాకే తెలియదు.

దిగి పరుగెత్తాను. అన్న స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయాడు. వెనక సీట్లో మోకాళ్ళ పెద్దమ్మ ఒక పక్కకు ఒరిగిపోయి మూలుగుతోంది. మా స్టాండులో ఆమెను ఎరగని డ్రైవరు లేడు. ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి, వార్డుల్లో నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆ మోకాళ్ళకే వ్యాయామం చేయించుకోవడానికి మా కార్లలో వెళ్ళి వస్తుండేది. "ఒరే, తలుపు కాస్త పట్టుకో, నా కాళ్ళు నా మాట వినవు" అంటూ నవ్వుతూ దిగేది. దిగడానికి చాలాసేపు పట్టేది. ఆ దిగడం సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దాని గురించే.

"ముందు పెద్దమ్మను తియ్యండ్రా," అన్నాడు అన్న. "మెల్లగా తియ్యండి. ఆమెకు మోకాళ్ళు నొప్పి."

ఆయన నోట నేను విన్న చివరి మాట అదే.

కార్మికులారా, కాలేజీ పిల్లలారా, మీరు ఫోనులో కారు పిలిచి ఎక్కేవాళ్ళే గానీ, మీలో చాలామంది దాన్ని నడిపి ఉండరు. అందుకని మా పనిలో ఉన్న ఒక అలవాటును విడమరచి చెప్పాలి. మా ఫోనులో ఒక ఎర్ర బొత్తం ఉంటుంది. దాని మీద 'ముగించు' అని ఉంటుంది. మనిషి దిగాక దాన్ని నొక్కాలి. కానీ దిగేదాకా మేమెవరం ఆగం. ఇల్లు కనబడగానే, సందు మలుపులోనే నొక్కేస్తాం. దీన్ని మాలో మేం ముందు నొక్కుడు అంటాం. ఎందుకంటే బండి ఇంటి ముందు ఆగి ఉన్నంతసేపూ ఎక్కినవాళ్ళ మీద ఛార్జీ పడుతూనే ఉంటుంది. మా మీద 'ఆలస్యం' అని మచ్చ పడుతుంది. మచ్చలు పెరిగితే కిరాయిలు రావు. మాకు పని నేర్పిన రోజునే ఈ యాప్ కంపెనీ మనిషి నవ్వుతూ చెప్పాడు, త్వరగా ముగించండి, త్వరగా ఇంకోటి పట్టండి అని. ఆ మాట వాళ్ళ కాగితాల్లో మాత్రం ఎక్కడా ఉండదు. ముసలివాళ్ళను ఎక్కించుకున్నప్పుడు ముందు నొక్కుడు మాకు ఒక మర్యాద కూడా. చెయ్యి అందించి దించినట్టే అనుకుంటాం.

ఆ రోజు అన్న సందు మలుపులో నొక్కాడు. నొక్కి, తిప్పాడు.

*

అన్న భార్యను నేను వదినా అంటాను. ఆమె తమ వాటా ముందు బల్ల వేసుకుని వీధి వీధంతటి బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా ఆమె చేతుల నుంచి వేడి బట్ట వాసన వస్తోంది. అక్కడ అన్న చొక్కాను కత్తెరతో నిలువునా కోసి తీసేశారు. చెత్తబుట్టలో వేయబోతుంటే వదిన చేతులు చాపి తీసుకుంది.

"ఇవి మాకివ్వండమ్మా, ఉతుక్కుంటాను," అంది నర్సుతో. రెండు ముక్కలైన చొక్కాను ఉతికి ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు.

అన్నకు తెలివి రాలేదు. ఆపరేషన్ చేయాలన్నారు. బీమా మంజూరైనట్టు కంపెనీ నుంచి ఒక్క మాట వస్తే చాలు, మొదలుపెడతామన్నారు. ఆ ఒక్క మాట కోసం వదినను నా కారులో ఎక్కించుకుని క్లెయిముల ఆఫీసుకు తీసుకెళ్ళాను. అద్దాల గది, చలి, మెత్తటి కుర్చీలు. క్లెయిముల ఆఫీసరు చిన్నవాడే, మర్యాదస్తుడే. మంచినీళ్ళు తెప్పించాడు. తన కంప్యూటరు తెర మావైపు తిప్పాడు.

"చూడండమ్మా, ఈ చుక్క దగ్గర ట్రిప్ ముగిసింది. యాక్సిడెంట్ అయింది ఈ చుక్క దగ్గర. ట్రిప్ నడుస్తున్నప్పుడు జరిగితేనే మా బీమా వర్తిస్తుంది."

"పెద్దమ్మ కారులోనే ఉంది కదండీ," అంది వదిన.

"ఉండొచ్చు. మా లెక్కలో ఆమె అప్పటికే దిగిపోయింది."

"దిగిపోతే ఆమె తుంటి ఎలా విరిగిందండీ? వీధిలో నడుస్తూ పోతుంటే విరిగిందా?"

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ముగించు అని నొక్కింది మీ ఆయనే. మేం కాదు."

"నొక్కమని నేర్పింది ఎవరండీ?" అని గొంతు పెంచాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని లాగింది. ఆయన బతకాలి, వీళ్ళతో గొడవ వద్దు అని ఆమె కళ్ళు చెబుతున్నాయి. కూర్చున్నాను.

అక్కణ్ణించి అన్న సొంత కారుకు బీమా కట్టిన ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ఆవిడ కూడా మర్యాదస్తురాలే. "ఇది ఇంటి వాడకానికి తీసుకున్న పాలసీ అండీ. ఆయన కిరాయికి తిప్పుతున్నాడు. కిరాయికి తిప్పితే చెల్లదు," అంది.

విన్నారు కదా? ఒక ఆఫీసేమో కిరాయి అయిపోయింది, మాకు సంబంధం లేదంటుంది. రెండో ఆఫీసేమో కిరాయిలో ఉన్నాడు, మాకు సంబంధం లేదంటుంది. ఒకే మనిషి, ఒకే క్షణంలో పనిలో ఉన్నాడట, పనిలో లేడట. ప్రీమియం తీసుకున్నప్పుడు ఇద్దరికీ మనిషిగా కనబడ్డవాడు, కాళ్ళు నుజ్జయ్యాక ఇద్దరికీ కనబడకుండా పోయాడు.

మేం తిరుగుతూనే ఉన్నాం. ఆస్పత్రి ఆగలేదు. అన్నను ఉచిత ఆస్పత్రికి మార్చేశారు. అక్కడ మంచం దొరకక వరండాలో పడుకోబెట్టారు. మేం స్టాండు నుంచి వంతులవారీగా వెళ్ళి కాపలా ఉన్నాం, ఈగలు తోలాం, డాక్టర్ల వెంటపడ్డాం. ఒక ఉదయం వదిన ఆయన నుదురు తుడుస్తుండగానే పోయాడు. చప్పుడు చేయకుండా, మెల్లగా, తన పేరుకు తగ్గట్టే పోయాడు.

వదిన ఏడవలేదు. "ఇంత తొందరేమిటయ్యా నీకు?" అంది. "ఏనాడూ తొందరపడనివాడివి."

అప్పుడు మేమంతా ఏడ్చాం.

*

మట్టి చేసి వచ్చిన వారంలోనే వదిన ఇంటికి లాయరు నోటీసు వచ్చింది. పెద్దమ్మ కూతురు పంపించినది. మాలో చదువుకున్నవాడు ఒకడున్నాడు, వాణ్ణి డిగ్రీ అంటాం. వాడు చదివి చెప్పాడు. ట్రిప్ ముందే ముగించి, ప్రయాణికురాలికి బీమా లేకుండా చేసింది డ్రైవరే కాబట్టి, ఆమె వైద్యం ఖర్చు డ్రైవరు భార్య భరించాలట.

వదిన ఆ మాట విని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "నేనెక్కణ్ణించి తెస్తాను?" అని మాత్రం అంది.

నోటీసు వెనకే ఆ కూతురూ వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసే మనిషి, గట్టి గొంతు. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"మీ ఆయన చేసిన పనికి మా అమ్మ మంచాన పడింది! కంపెనీవాళ్ళు చెప్పారు నాకు అంతా. ఆ బొత్తం నొక్కకపోయి ఉంటే మా అమ్మకు అన్నీ వచ్చేవంట!"

"కంపెనీవాళ్ళు చెప్పారా?" అంది వదిన.

"చెప్పడమే కాదు, లాయర్ని కూడా వాళ్ళే చూపించారు."

డిగ్రీ నావైపు చూశాడు. నేను నోరు తెరవబోతుంటే వదిన లేచింది. "మీ అమ్మను చూడాలి. తీసుకెళ్తావా?" అని అడిగింది. తిట్టడానికి వచ్చిన మనిషి గొంతు తగ్గించింది. "చూసి ఏం చేస్తావు?" అంది. కానీ కాదనలేదు.

పెద్దమ్మ ఇరుకు గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వదినను చూసి ఎవరో పోల్చుకోలేదు. చెప్పాక ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నేనే నొక్కమన్నానమ్మా," అంది. "నా వల్లే. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. నేను దిగేసరికి తెల్లారుతుంది, ఛార్జీ ఎక్కువవుతుంది, నొక్కెయ్ రా నాయనా అని. ఆ రోజు కూడా అడిగాడు, నొక్కేదా పెద్దమ్మా అని. నొక్కెయ్ అన్నాను. నా నోరు పడిపోనూ."

కూతురు గోడకు చేరబడిపోయింది. "నాకు చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు లాయరు దగ్గరికి పోతున్నావని నాకు చెప్పావా?"

తర్వాత ఆ కూతురే తనలో తాను అనుకుంటున్నట్టు మెల్లగా అంది.

"మా ఫ్యాక్టరీలోనూ ఇంతే. టైము కాగానే కార్డు కొట్టిస్తారు. కొట్టించి మళ్ళీ మిషను మీద కూర్చోబెడతారు. ఒకదానికి వేల్లోంచి సూది దిగింది. నువ్వు కార్డు కొట్టేశావు, ఇంట్లో ఉన్నట్టు లెక్క, మాకేం సంబంధం అన్నారు." వదిన వైపు చూసింది. "అక్కా, మనిద్దర్నీ కొట్టుకోమని వదిలేసి వాళ్ళు చేతులు దులుపుకుంటున్నారు."

ఆ నోటీసు చింపుతుందేమో అనుకున్నాను. చింపలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఇది వాళ్ళ ముందే చింపాలి," అంది.

*

పెట్రోలు బంకు వెనక ఖాళీ స్థలమే మా స్టాండు. ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కడ కార్ల మధ్య నిలబడేందుకు కూడా చోటు లేదు. పక్క స్టాండ్ల వాళ్ళు వచ్చారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వచ్చారు. మా డిగ్రీగాడు చదివిన కాలేజీ నుంచి పిల్లలు వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. చివరికి నేను కారులో చెయ్యి పెట్టి హారన్ కొడితే సద్దుమణిగారు.

"సమ్మె చేద్దాం," అన్నాడు డిగ్రీ. "అందరం ఫోన్లు కట్టేద్దాం."

"కట్టేస్తే వాళ్ళకేం నష్టం?" అన్నాడు మీటరు బాబాయి. మాలో పెద్దవాడు. ఈ ఫోన్లు రాకముందు మీటరు టాక్సీ తోలిన మనిషి. "పోయినసారి కట్టేశాం కదా. ఏమైంది? కొత్తవాళ్ళను దింపారు. మన ఐడీలు కోసి కిరాయిలు రాకుండా చేశారు. నా కారు వాయిదా నువ్వు కడతావా?"

"అన్న చచ్చిపోతే కూడా ఊరుకుందామా బాబాయ్?"

"వాడు నాకు తమ్ముడి కంటే ఎక్కువరా!" బాబాయి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "కానీ ఏమని అడుగుతాం? అందరం నొక్కేవాళ్ళమేగా? ఇప్పుడు నోరెత్తితే తప్పు ఒప్పుకున్నట్టే. మీరంతా నొక్కుతున్నారన్నమాట అని అందర్నీ తీసేస్తారు."

అది అందరి గుండెల్లో ఉన్న భయమే. తలలు వంగాయి. ఒకడు టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా తన కారు వైపు కదిలాడు కూడా.

"బాబాయ్," అంది వదిన. అప్పటిదాకా ఆమె ఉందని చాలామందికి తెలియదు. "మీ మీటరు రోజుల్లో కిరాయి ఎప్పుడు అయిపోయేది?"

"మీటరుకు జెండా ఉండేదమ్మా. మనిషి ఎక్కగానే దించేవాళ్ళం. మనిషి దిగి డబ్బు చేతిలో పెట్టాకే ఎత్తేవాళ్ళం."

"మనిషి దిగకుండా ఎత్తితే?"

"ఎత్తితే మాకే నష్టం. ఎవడెత్తుతాడు?"

"అయితే మీరు ఫోన్లు కట్టొద్దు," అంది వదిన. "నడపండి. మనుషుల్ని ఎక్కించుకోండి. దిగేదాకా నొక్కకండి. అంతే. ముందు నన్ను ఎక్కించుకోండి. ఆ క్లెయిముల ఆఫీసుకు తీసుకెళ్ళండి." ఒక్క క్షణం ఆగింది. "నేను దిగను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత డిగ్రీ పకపకా నవ్వాడు. నవ్వుతుండగానే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ కూతురు చెయ్యెత్తింది. "నేనూ దిగను. మా కుట్టుమిషన్ల లైను మొత్తం దిగదు."

"నేను రాను," అన్నాడు బాబాయి. "నన్ను వదిలెయ్యండి." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరం ఆపలేదు. భయపడ్డవాణ్ణి తిట్టే హక్కు మాకెవరికీ లేదు, అందరం భయపడే ఉన్నాం.

*

వదిన నా కారే పిలిచింది. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఒళ్ళో చిన్న మూట.

"ఈ వెనక సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు మరిదీ," అంది దారిలో. "ఆయన కారు కొన్న కొత్తలో ఎక్కబోతే, అది కిరాయివాళ్ళ సీటు, నువ్వు ముందుకు రా అన్నాడు."

నేను అద్దంలోకి చూశాను. మూట విప్పింది. అన్న చొక్కా రెండు ముక్కలు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత మీద మడత పెట్టి ఉన్నాయి. నాకు రోడ్డు కనబడలేదు. మొదటిసారి నేను కూడా నిదానంగా నడిపాను.

ఆఫీసు వీధి చేరేసరికి మా వెనక కార్లే కార్లు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళూ, కాలేజీ పిల్లలూ కార్లనిండా ఉన్నారు. పెద్దమ్మను డిగ్రీ కారులో వెనక సీటంతా పరిచి పడుకోబెట్టారు. వద్దంటే వినలేదట. "ఎలాగూ నేను దిగలేను, నాకంటే పనికొచ్చేవాళ్ళు ఎవరే?" అందట.

అన్ని కార్లూ ఆఫీసు ముందు ఆగాయి. అన్ని ఫోన్లలోంచీ ఒకే ఆడగొంతు ఒకదాని వెనక ఒకటి పలికింది. మీరు గమ్యానికి చేరుకున్నారు. ట్రిప్ ముగించండి. మీరు గమ్యానికి చేరుకున్నారు. ట్రిప్ ముగించండి. ఎవరూ నొక్కలేదు.

వీధి మూసుకుపోయింది. పైన కిటికీల్లో మొహాలు కనబడ్డాయి. ఐడీలు ఆపేస్తామని అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది. ఒక్కరూ కదల్లేదు. చివరికి క్లెయిముల ఆఫీసరు కిందికి దిగి వచ్చాడు. ఈసారి మంచినీళ్ళు లేవు.

"ఏమిటిది? చేరుకున్నారు కదా? ముగించండి!"

"మనిషి దిగలేదు సార్," అన్నాను.

"నాతో వెటకారాలా? వెనక లైను మొత్తం ఆగిపోయింది! ముగించండి!"

"మనిషి దిగలేదు సార్," అన్నాడు డిగ్రీ.

"అయితే ముందు మనుషుల్ని దించండయ్యా! దించాక ముగించండి! ఆ మాత్రం తెలియదా?"

కార్ల కిటికీల్లోంచి తలలన్నీ బయటికి వచ్చాయి. ఆఫీసరుకు తానేమన్నాడో అప్పుడు తెలిసింది. వదిన అద్దం దించింది.

"మళ్ళీ చెప్పండి బాబూ," అంది. "మా ఆయనకు వినబడలేదు."

ఇక ఆ కేకలు ఆపడం ఎవరి తరమూ కాలేదు. మనిషి దిగాకే ముగింపు! మనిషి దిగాకే ముగింపు! పెద్దమ్మ కూతురు కారు కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చి, ఆ నోటీసును ముక్కలు ముక్కలు చేసి ఆఫీసరు బూట్ల మీద పోసింది. ఆఫీసరు మొహం చాటేసి లోపలికి పోయాడు. వెళ్తూ ఫోను చెవికి పెట్టుకున్నాడు.

పోలీసులు వచ్చారు. రావడమే లాఠీలతో వచ్చారు. మొదటి కారు నాదే కాబట్టి మొదటి దెబ్బ నా కారు అద్దానికి తగిలింది, రెండోది నాకు. కాలరు పట్టి బయటికి ఈడ్చారు. హారన్ మీద చెయ్యి పెట్టి వదల్లేదు నేను. చేతి మీద కొట్టి వదిలించారు. ఇన్‌స్పెక్టరు కారులోకి వంగి, నా ఫోను లాక్కుని, తన బొటనవేలితో ఆ ఎర్ర బొత్తం నొక్కాడు.

"అయిపోయింది నీ ట్రిప్," అన్నాడు. "దిగవమ్మా."

ఇద్దరు ఆడపోలీసులు వదినను చెరో చెయ్యీ పట్టుకుని దించారు. మూట జారి చొక్కా ముక్కలు రోడ్డు మీద పడ్డాయి. ఆమె వాళ్ళను విదిలించుకుని వంగింది, ముక్కలు ఏరుకుంది, దుమ్ము దులిపింది. నన్నూ డిగ్రీనీ వ్యానులోకి తోశారు. జాలీలోంచి చూస్తున్నాను. ఇక ఆమె ఇంటికి నడిచి పోతుందనుకున్నాను. ఒంటరిగా పోతుందే అని నా ప్రాణం కొట్టుకుంది.

వదిన ఇంటి వైపు తిరగలేదు. కార్ల వరుస వెంట వెనక్కి నడిచింది. వరుస చివర్న, అప్పుడే వచ్చి ఆగిన ఒక పాత కారు ఉంది. దాని తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. స్టీరింగు ముందు భుజాన తువ్వాలుతో మీటరు బాబాయి.

ఆమె ఎక్కి కూర్చుంది. బాబాయి వెనక్కి తిరిగి, కిరాయి మనిషిని అడిగినట్టే అడిగాడు. వీధి వీధంతా వినబడేలా అడిగాడు.

"ఎక్కడికమ్మా?"

"ఇక్కడికే బాబాయ్."